మొదటి అంకెకే

సాన్ ఆమారో దో మార్,
గలీషియా తీరం, స్పెయిన్.
8 మే 2025, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు.

భీమవరం శీతల సామ్రాజ్య చక్రవర్తి, ఐస్ ఫ్యాక్టరీ అధిపతి, ఇంజినీరింగ్ కాలేజీ చివరి బెంచీలో నాలుగేళ్ళు నా రికార్డులు కాపీ కొట్టి పాసైన మహానుభావుడు శ్రీ ఉదయ్‌కుమార్ గారి దివ్య సముఖానికి,

ఉప్పాడ ఆడపడుచు, ప్రస్తుతం పరదేశవాసి అయిన సారిక నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ అమ్మగారు తలుపులమ్మ గారు, మీ నాన్నగారు, ఐసు దిమ్మలు అంతా క్షేమమని తలుస్తాను.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేంటి అని నవ్వకు. సోమవారం నీ మెసేజీ అందింది. "ఆదివారం నిడదవోలు వెళ్తున్నాం. పెళ్ళిచూపులు. అమ్మాయి పేరు దుర్గాశ్రీ." అంతే. అది వార్తో ప్రశ్నో నాకు బోధపడలేదు. జవాబు టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ చెరిపాను. నా పేరు కింద ఆ మూడు చుక్కలు వచ్చి పోవడం నువ్వు చూసే ఉంటావు. అది మీ భీమవరం సిగ్నల్ గొడవ కాదు. నేనే. కాగితమైతే కొట్టేసినవి కూడా కనబడతాయి కాబట్టి పరువు కోసమైనా ముందుకు సాగుతానని పెన్ను పట్టాను.

అయితే ఈ ఉత్తరానికీ నిడదవోలుకీ ఏ సంబంధమూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. స్పెయిన్ చిన్న ఊళ్ళ సంస్కృతి గురించి నీకు జ్ఞానం పంచడమే దీని ఏకైక లక్ష్యం.

ఈ ఊళ్ళో మధ్యాహ్నం రెండయ్యేసరికి షట్టర్లన్నీ దిగిపోతాయి. మందుల షాపు, బ్రెడ్ల కొట్టు, చర్చి మెట్ల మీద కుక్క, అందరూ పడకే. నేను పనిచేసే ల్యాబులో పెంపకానికి తాళ్ళకు వేలాడదీసిన నల్ల ఆల్చిప్పలు కూడా పడుకుంటాయని నా అనుమానం. ఐదింటికి లేస్తారు, రాత్రి పదింటికి భోంచేస్తారు. ఈలోగా మేలుకుని ఉండే ప్రాణిని నేనొక్కదాన్నే. సముద్రం గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాను, మళ్ళీ వెనక్కి వస్తాను. మా ఇంటి ఓనరు మరూష గారు (మార్కెట్లో చేపల కొట్టు ఆవిడది, పై గది నాకు అద్దెకిచ్చారు) పడక ఎక్కేముందు కిటికీలోంచి నాలుగు రోజులుగా చూస్తూ, ఈ పిల్ల ఏదో పారేసుకుని వెతుక్కుంటోంది అనుకున్నారట. ఇందాక భోజనం దగ్గర కూడా అడిగారు, దొరికిందా అమ్మా అని.

ఇక్కడ ఎవరైనా పరిచయమైతే రెండు బుగ్గలకీ ముద్దు పెడతారు. వచ్చిన కొత్తలో మరూష గారి అన్నగారు, ఎనభై దాటిన పెద్దాయన, అలాగే ముందుకు వంగారు. పెద్దాయన వంగేసరికి నేను ఇంకా కిందికి వంగి కాళ్ళకి దండం పెట్టేశాను. ఆయన ముద్దు గాలికి పోయింది. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయన దూరం నుంచే చెయ్యి ఊపుతారు.

ఇక అసలు సంగతి, అంటే సంస్కృతి. ఇవాళ పొద్దున్నే మరూష గారితో చేపల వేలానికి వెళ్ళాను. మా ఉప్పాడ ఒడ్డున వేలం నువ్వు చూసినదే. మా అమ్మ నూకరత్నం పాట పాడుతుంటే ఆ గొంతుకి బెదిరి పడవ వెనక్కి వెళ్ళి నిలబడ్డావు, గుర్తుందా? అక్కడ పాట కింద నుంచి పైకి పోతుంది. మొదట రేటు అన్నవాళ్ళకి పూచీ ఏమీ ఉండదు, గొంతు సవరించుకోవడం లాంటిదది. మా అమ్మయితే సగం రేటు చెప్పి, ఆ చేపల్ని చూస్తేనే వికారమన్నట్టు మొహం తిప్పుకుంటుంది.

ఇక్కడ అంతా తిరగేసి. గోడ మీద పెద్ద స్క్రీను. బాగా పై రేటు దగ్గర మొదలై అంకె కిందికి జారుతూ వస్తుంది. కొనేవాళ్ళు చేతుల్లో చిన్న రిమోట్లు పట్టుకుని, పరీక్ష హాల్లో లాగా నిశ్శబ్దంగా నిలబడతారు. ఎవరు ముందు నొక్కితే, ఆ అంకెకి సరుకు వాళ్ళది. అక్కడితో పాట ముగిసినట్టే. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. మరూష గారు ఏప్రన్ ముడి వేసుకుంటూ రిమోటు కాస్త పట్టుకోమన్నారు. ఆక్టోపస్‌ల పెట్టె వచ్చింది. స్క్రీను మీద మొదటి అంకె వెలిగింది. ఉప్పాడ రక్తం ఊరుకుంటుందా? పాటలో మేమూ ఉన్నామండోయ్ అని తెలియజేద్దామని నొక్కేశాను.

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మొదటి అంకెకి నొక్కిన మనిషిని వాళ్ళెవరూ చూసి ఎరగరట. ఎందుకు నొక్కావమ్మా అన్నారు మరూష గారు, మొహం పాలిపోయి. మా ఊళ్ళో పాట పైకి పోతుందండీ అని నా వచ్చీరాని స్పానిష్‌లో చెప్పుకున్నాను. మరి అయిపోయిందని ఎలా తెలుస్తుంది అన్నారు. అందరూ నోరు మూసుకున్నాక, అన్నాను. ఆవిడ పెట్టె మీద కూలబడి పడీపడీ నవ్వారు. ఇక్కడ మొదట్నుంచీ అందరూ నోరు మూసుకునే ఉంటారు పిల్లా, తట్టుకోలేనివాళ్ళు ముందు నొక్కుతారు, ఇంకా తగ్గుతుందిలే అని ఆగినవాళ్ళ సరుకు పక్కవాళ్ళ బండెక్కుతుంది అన్నారు.

ఆవిడ ఆక్టోపస్ గురించే అన్నారు. నేనూ ఆక్టోపస్ గురించే విన్నాను.

అక్కణ్ణుంచి బయటికొచ్చి, గట్టు మీద ఆగి నేనేం చేశానన్నది ఈ ఉత్తరానికి అప్రస్తుతం. బ్రెడ్ల కొట్టుకి వెళ్ళేసరికి వార్త నాకంటే ముందే చేరింది. రామ్మా పై రేటూ, అని పిలిచింది కొట్టావిడ. ఇక ఈ ఊళ్ళో నా పేరు అదే.

మధ్యాహ్నం ఆ పెట్టెలోది ఒకటి వండారు. మరిగే నీళ్ళలో ఆక్టోపస్‌ని ముంచి తీస్తారు, మళ్ళీ ముంచి తీస్తారు, మూడోసారి ముంచాక గానీ వదలరు. దాన్ని భయపెట్టడం అంటారట. చూస్తుంటే నాకెందుకో నా టైపింగే గుర్తొచ్చింది. ఉప్పు, ఎర్ర కారం, ఆలివ్ నూనె, అంతే వంట. చింతపండు పులుసు పెట్టాలని నా చేతులు ఒకటే లాగాయి. రుచి బాగానే ఉందట. నాకు ముద్ద దిగలేదు.

నిడదవోలు జంక్షన్ మీద నాకు వ్యక్తిగత కక్షలేమీ లేవు. అయినా అడుగుతున్నాను, పెళ్ళిచూపులకి గోదావరి జిల్లాల్లో నీకు ఇంకో స్టేషనే దొరకలేదా? నేను బయల్దేరిన రోజు అక్కడిదాకా నాతో రైల్లో వచ్చావు. ప్లాట్‌ఫాం మీద వేరుశనగల పొట్లం కొనిచ్చావు. ఏదో చెప్పబోయి, చేరాక ఫోన్ చెయ్యి అన్నావు. నేనూ ఏదో చెప్పబోయి, ఐసు కరక్కుండా చూసుకో అన్నాను. ఇద్దరం నోరు మూసుకుని నిలబడ్డాం. అంకె అప్పట్నుంచీ జారుతూనే ఉంది.

దుర్గాశ్రీ గారు మంచి అమ్మాయే అయి ఉంటారు. అదే నా బాధ.

ఇంతకంటే రాయడానికి సంస్కృతి మిగల్లేదు. ఊరింకా లేవలేదు. నేను మళ్ళీ గట్టు మీదికి పోతున్నాను.

ఇట్లు,
నీ రికార్డుల దాత,
సాన్ ఆమారో పై రేటు,
సారిక

తా.క.: పొద్దున గట్టు మీద ఆగి నేను చేసిన పని, మీ అమ్మగారికి ఫోన్. చేతులకి ఆక్టోపస్ వాసన ఇంకా పోలేదు. ఆంటీ, ఆదివారం నిడదవోలు వెళ్ళకండి, ఉదయ్‌ని నేను చేసుకుంటానండి అనేశాను. అటు నుంచి ముందు కుక్కర్ కూత వేసింది. తర్వాత మీ అమ్మగారు వేశారు. ఏమే, నాలుగేళ్ళు మా ఇంట్లో పీతల కూర తిన్నావు, ఈ ముక్క చెప్పడానికి స్పెయిన్ వెళ్ళాలా, భీమవరంలో నోరు పెగల్లేదా అన్నారు. ఆ తర్వాత, వాణ్ణి ఫ్యాక్టరీ నుంచి రానీ, అడిగి చెప్తాను అని పెట్టేశారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఫోను మోగలేదు. నీకు ఇంత స్పెయిన్ సంస్కృతి అందుకే దక్కింది.

పోస్టులో వేస్తే ఇది మీ పెళ్ళి భోజనాలయ్యాక అందుతుంది కనుక పేజీలు ఫోటో తీసి ఇప్పుడే పంపుతున్నాను. నా చుక్కలు ఆగిపోయాయి. ఇక కదలాల్సినవి నీవి. నువ్వేం చెప్పినా సరే, బేరమాడకుండా మొదటి అంకెకే నొక్కానని మాత్రం మా అమ్మకి చెప్పకు. ఉప్పాడ ఒడ్డున ఆవిడ ఇక తలెత్తుకోలేదు.