ఏ పిస్తోలు కొనమంటావని అడిగితే

వెండెల్,

ఈసారి ఏ పిస్తోలు కొనమంటావని మీ అన్నయ్య నిన్ను అడిగారట. పాత కోల్టు రివాల్వరా, యుద్ధంనాటి జర్మన్ పిస్తోలా అని రోజంతా అదే ధ్యాస. నువ్వు మాత్రం ఏదీ చెప్పకు.

తుపాకీని తెరిచి, ఖాళీ అని చూపించాకే ఎవరి చేతికైనా ఇవ్వడం మీ ఇంటి ఆచారం కదా. మొన్న ఆదివారం ఆయన రివాల్వర్ తుడిచి, తెరవకుండానే నా చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే నిండా తూటాలు. చూపిస్తే, "వెర్రిదానా, అది ఖాళీదే!" అని నవ్వారు. కాసేపటికి, "మా ఆవిడ ఎక్కడికెళ్లిందో చూశారా?" అని నన్నే అడిగారు.

నాకు భయంగా ఉంది. "ఉన్న తుపాకులన్నీ మా ఇంట్లో పక్కపక్కన పెట్టి చూస్తేగానీ చెప్పలేను అన్నయ్యా" అని ఫోన్ చెయ్యి. తుపాకుల విషయంలో నీ మాట కాదనరు. మంచు కరిగి దారి తెరుచుకోగానే ట్రక్కు తెచ్చి, అన్నీ పట్టుకెళ్లు. మళ్లీ తేవద్దు.

వచ్చినప్పుడు గుమ్మం బయటే నిలబడి నీ పేరు గట్టిగా చెప్పు. ఈమధ్య నేను కూడా మా పడగ్గదిలోకి పేరు చెప్పే వెళ్తున్నాను.

మీ వదిన