మనవరాలి ఒంటిమీది తెల్లటి జిడ్డు

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీకు కూతురు పుట్టింది! అచ్చం బంగారు బొమ్మ! తల్లీబిడ్డా క్షేమం. ఆ సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు. పాప ఒంటినిండా తెల్లటి జిడ్డుంటే, ఆస్పత్రివాళ్ల బద్ధకమని తిట్టుకుని, తడి తువ్వాలుతో తుడిచేశాను.

అమ్మాయి లబోదిబోమంది. "నాన్నా, నీ శుభ్రం తగలెయ్య! ఆ జిడ్డు కడుపులోంచి పాపతో వచ్చిందే, అందులో క్రిముల్ని చంపే బుల్లి ప్రోటీన్లుంటాయి. పసిదానికి అదే మొదటి కాపలా!"

డాక్టరమ్మ చూసి, "పరవాలేదు తాతగారూ, తల్లిపాలలోనూ అలాంటివుంటాయి" అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చేశాను. అమ్మాయి లోపల్నుంచి పిలుస్తూనే ఉంది. గుమ్మం దాటే మొహం లేక, వరండాలో ఇది రాసి, మీరు రాగానే ఇమ్మని గేటు దగ్గర వాచ్‌మన్‌కిస్తున్నాను.

నన్నూ వెంటబెట్టుకు లోపలికి వెళ్లండి. చేతులు కట్టుకుని దూరంగానే నిలబడతాను. ఎత్తుకోమంటే మాత్రం కాదనలేను, అల్లుడుగారూ.

మీ మామయ్య