మంచి చెయ్యి కట్టేసిన వారం

నవంబరు 3, సోమవారం
అక్షిత మళ్లీ కొరికింది. నా ముంజేయి. రక్తం వచ్చేదాకా వదల్లేదు. అన్నంలో పప్పు ఎక్కువైందట, అంతే. ఆటో బోల్తా పడకముందు ఈ పిల్ల చీమ చచ్చినా ఏడ్చేది. తలకు ఆపరేషన్ అయ్యాక ఈ కోపం, ఆ చచ్చుబడ్డ ఎడమ చెయ్యి... రెండూ ఇంటికొచ్చాయి.
మా అత్తది రోజూ ఒకటే పాట – "గిది జబ్బు కాదు బిడ్డా, గాలి సోకింది."

నవంబరు 4
మానుకోట ఫిజియోథెరపీ సెంటర్. అక్షితకు కసరత్తు నేర్పే సునీత మేడం కుడిచేతికి మెత్తని గుడ్డ చుట్టి చూపించింది. "మంచి చెయ్యి కట్టేస్తేనే పడిపోయిన చెయ్యి పని నేర్చుకుంటది. కొద్దిసేపే. ఏడిస్తే విప్పెయ్. ఆలస్యం చేస్తే వేళ్లు బిగుసుకుపోతయ్."
పోయేటప్పుడు మళ్లీ పిలిచి – "కొట్టకమ్మా. ఆ కోపం పిల్లది కాదు, దెబ్బది."
నాకు తెలియదా. నేను తల్లినా, పోలీసునా.

నవంబరు 6
కట్టాను. గిన్నె పెట్టి పల్లీలు వేయమన్నాను. కాలితో తన్నితే గిన్నె వచ్చి నా నుదుటికి తగిలింది. తర్వాత తల గోడకేసి కొట్టుకుంది – కుట్లు వేసిన వైపే. విప్పేశాను.
అత్త గడపలో నిలబడి అంతా చూసింది. చేతి కట్టునే చూసింది.

నవంబరు 7
ఎడమచేత్తో ఒక పల్లీ పడింది గిన్నెలో! ఎవరికీ చెప్పలేదు. దిష్టి.

నవంబరు 9, ఆదివారం
పత్తి ఏరి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. పక్కింటి అక్క చెప్పింది – "నీ పెనిమిటి, మీ అత్త పిల్లను బండి మీద తీస్కపోయిన్రు. భూపాలపల్లి దిక్కు."
మంత్రగాడి దగ్గరికి. అత్త నెల నుంచీ పేరు జపిస్తున్న మంత్రగాడు. బస్సులు మారి, ఊరూరా దారి అడుగుతూ పోయాను.
వాడి వాకిట్లో గుంజ. గుంజకు నా బిడ్డ, రెండు చేతులూ కట్టేసి. వాడి చేతిలో చింత బరిగె. "ఎవలు నువ్వు? పేరు చెప్పు, చెప్పు!" దెబ్బకొకసారి అడుగుతున్నాడు. అది తన పేరే చెబుతోంది. అక్షిత, అక్షిత అని.
పొయ్యిలోంచి ఇటుక పీకాను. వాడి కనుబొమ్మ పగిలింది. మా ఆయన నా జుట్టు పట్టి వెనక్కి లాగాడు, ఆయన చెయ్యి కొరికి నేనూ వదల్లేదు. సుఖంగా అనిపించింది, అబద్ధమెందుకు.
అత్త అరిచింది – "ఇంట్ల నువ్వు కట్టేస్తలేవా? నువ్వు కడ్తే వైద్యం, ఆయన కడ్తే పాపమా?"
నేను కూడా గాలి అనుకునే కట్టానని అత్త ఈ మూడు రోజులూ అనుకుందట. మంత్రగాడితో అదే చెప్పిందట – తల్లే కట్టేస్తది అని.

నవంబరు 10
బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాను, వీపంతా వాతలు. కొబ్బరినూనె రాస్తే అరుస్తోంది. మా ఆయన చేను దగ్గరే ఉంటున్నాడు. ఉండనీ.

నవంబరు 12
సునీత మేడంకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెబితే ముందు వాతల గురించి అడిగింది. తర్వాత – "ఇప్పుడైతే కట్టకు. గుడ్డ కంటికే కనవడనీయకు. శనివారం తీస్కరా, ఇద్దరం చూద్దాం."
మరి వేళ్లో... ఎడమచేతి వేళ్లు రోజురోజుకూ లోపలికి ముడుచుకుంటున్నాయి. ఈ కళ్లతో చూస్తున్నాను కదా.

నవంబరు 14
ఆగలేకపోయాను. కట్టాను.
గుడ్డ చూడగానే పావడా తడుపుకుంది. "పేరు చెప్తా, పేరు చెప్తా" అని ఏడుస్తోంది. "ఏం కాదు బిడ్డా, అమ్మనే" అంటూనే ముడి బిగించాను. అప్పుడు లేచింది ఎడమ చెయ్యి. భుజం దాకా లేచి నా చెంప మీద పడింది. ఆటో పడ్డ రోజు నుంచి నడుం దాటి లేవని చెయ్యి!
నేను తిరిగి కొట్టాను. తెలిసేలోపే. వీపు మీద, వాతల మీదే.
చెయ్యి కిందికి జారిపోయింది. ఒళ్లో పెట్టుకుని దాని మీద వంగి కూర్చుంది. గుడ్డ విప్పాను. లేపమ్మా, ఇంకోసారి లేపు, కొట్టు నన్ను, అని బతిమాలాను. లేపలేదు. నేను దగ్గరికి జరిగితే తను గోడకు జరుగుతోంది.
అత్త వంటింట్లోంచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది, నాకు అడ్డంగా. ఇంకా అక్కడే కూర్చుని ఉంది.