మర్యాద పాఠం వాయిదా

ఝపటాపూర్, ఖరగ్‌పూర్

అక్కా,

మేమంతా బాగున్నాం. మీ మరిదిగారైతే మరీ బాగున్నారు. ఫోన్లో చెబుదామంటే పక్కన కోడలు పియాలి వింటుంది, అందుకే రాస్తున్నాను.

నామవాచకం, క్రియ అంటూ వీడియో కాల్లో నువ్వు నేర్పే తెలుగు మా బెంగాలీ పిల్లకి బాగానే వంటబడుతోంది. మొన్న ఆజ్ఞలు నేర్పావు కదా? మర్నాడు పొద్దున్నే ఈయన సుగరున్న సంగతి మరిచి రసగుల్లా తింటుంటే, ఎదురుగా నిలబడి "మావయ్యా, లే! నడు! తినకు!" అంది. నా గుండె ఆగినంత పనైంది.

ఈయన, "వర్క్‌షాపులో మా ఫోర్‌మనైనా నన్నిలాగ అన్లేదు. ఏటి సేస్తాను, ఆర్డరొచ్చీసింది కదా!" అని నవ్వుతూ చెప్పులేసుకున్నారు. అప్పట్నించి పియాలి రోజూ పాఠం వల్లిస్తోంది, ఈయన రోజూ ఇందా పేటలో బజారు దాకా నడుస్తున్నారు. "నడవండి, తినకండి" అని నేను ఇన్నేళ్లు బతిమాలితే ఒక్కనాడైనా విన్నారా?

వచ్చే వారం పెద్దవాళ్లతో 'అండి' చేర్చి మాట్లాడటం నేర్పుతానన్నావట. నీకు దణ్ణం పెడతాను అక్కా, ఈయన సుగరు దిగేదాకా ఆ పిల్లకి మర్యాద నేర్పకు.

నీ చెల్లెలు