తక్కువ చూపే ముల్లు

కర్నూలు, 14-2-1938

నాయనకు కృపమణి వందనాలు. నేను క్షేమంగా ఉన్నాను.

నాలుగు దినాల కిందట ఒక పత్తి మిల్లులో బాయిలరు పగిలి, ఒళ్లంతా కాలిన మనిషిని మా ఆస్పత్రికి తెచ్చారు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు అక్కడ ఇరవై తక్కువ చూపేదట. పాత పనివాడు మనసులోనే ఇరవై కలుపుకొని మంట తగ్గించేవాడు. అతను తిరునాళ్లకు పోతే ఇతన్ని నిలబెట్టారు. కట్లు మారుస్తుంటే, "ముల్లు ఇంకా కిందనే ఉండాదని కట్టెలేస్తానే ఉంటి. నాకెవురూ చెప్పల్యా నర్సమ్మా" అన్నాడు. నిన్న చనిపోయాడు.

మేము రక్తపోటు చూసే ముందు పాదరసం సున్న దగ్గర నిలిచిందో లేదో చూస్తాము. నిలవకుంటే ఆ పరికరాన్ని ముట్టనివ్వరు. మీ మిల్లు ముల్లు కూడా తక్కువే చూపుతుందని, నీకది అలవాటేనని క్రిస్మసుకు నవ్వుతూ చెప్పావు. ఆదివారం నీవు ఆరాధనకు పోతే బాయిలరు దగ్గర నిలబడేది మారెన్న. అతనికి చెప్పావా? ముల్లు మార్చేదాకా షావుకారును వదలవద్దు.

అమ్మ కాలిపుండు మానిందా? చెల్లెలిని బడి మాన్పించవద్దు.

ఈ కార్డు చదివి వినిపించే పంతులుగారూ, దయచేసి మారెన్నను కూడా పిలిపించి, ముల్లు సంగతి రెండుసార్లు చదవండి. ప్రభువు మీ అందరినీ కాచుగాక.