అంటుకుందో లేదో

నవంబరు 26

పొద్దున్నే పెరట్లో క్యాబేజీలన్నింటికీ స్కెచ్ పెన్నుతో కళ్ళు గీశాను. పదకొండు క్యాబేజీలు. ఒకదానికి మా అత్తగారి కళ్ళజోడు కూడా తగిలించాను. ఆవిడ పాలకూర కోయడానికి వచ్చి, కళ్ళజోడు తీసుకుని, తుడుచుకుని పెట్టుకుంది. ఇది నా పోలికే, అల్లుడుగారి పోలిక కావాలంటే లోపల డొల్లగా ఉన్నది వెతకాలి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ సంగతి సరే.

మా ఆవిడ ఏమీ అనలేదు. నవ్వలేదు, తిట్టలేదు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఏదో ఒకటి అనకుండా నన్ను వదిలిన రోజు లేదు. నేను మోటార్లు బాగుచేసేవాణ్ణి. రొద చేసే మోటారంటే నాకు భయం లేదు. తిరుగుతూ తిరుగుతూ చప్పుడు ఆపిందంటేనే లోపల ఏదో కాలుతోందని అర్థం.

తరవాత కమలాపండు చెట్టు మొదలు దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది. అది మా మామగారు పోయేముందు కూతురికి ఇచ్చిన మొక్క. ఆ తీపి ఇంకెక్కడా లేదని తల్లీకూతుళ్ళ గొప్ప. ఈ ఏడు ఆకులు పసుపెక్కాయి, కాయలు గోళీలంత దగ్గరే ఆగిపోయాయి. చలికి అయ్యుంటుంది.

నవంబరు 29

ఇవాళ మా ఆవిడ ఫోనులో మాట్లాడుతోంది. అవతల మా వీధి చివర నర్సరీ ఆవిడ. నేను టమాటా మడి పక్కన వంగి ఉన్నాను, నన్ను చూడలేదు.

అంటుకుందో లేదో ఇప్పుడే తెలియదు వదినా అంది. చలికాలం కదా, నెల దాటాలి అంది. ఆయనకి చెప్పలేదు, చెబితే గోకుతారు, ఆయన చెయ్యి పడిందంటే అయిపోయినట్టే అంది. అమ్మకి మాత్రం తెలుసు అంది.

నెల దాటితేగాని తెలియని జబ్బు ఏమిటి? గోకితే ఎక్కువయ్యేది?

నవంబరు 30

సబ్బు వేరే పెట్టుకున్నాను. తువ్వాలు కూడా.

డిసెంబరు 2

మీటరు రీడింగు అతను వచ్చి కమలా చెట్టు నీడలో నిలబడ్డాడు. వంటింటి కిటికీ దగ్గర కుళాయి తిప్పాను. చెట్టు మొదట్లో నేను దాచిన పైపులోంచి నీళ్ళు చిమ్మి ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. రెండేళ్ళుగా ఆ చెట్టు కింద పొడిగా నిలబడ్డ మనిషి లేడు. నవ్వుకుంటూ వెనక్కి తిరిగితే మా ఆవిడ. కుళాయి కట్టేసి వెళ్ళిపోయింది.

వంటింట్లో స్పిరిటు వాసన. సింకు పక్కన కొత్త బ్లేడు, దూది, సన్నటి ప్లాస్టిక్ టేపు. ఎందుకని అడిగాను. కాలీఫ్లవరు పువ్వు తెల్లగా రావాలంటే ఆకులు పైకి కట్టాలి కదా, అందుకు అంది.

కాలీఫ్లవరు ఆకులు మేం పురికొసతో కడతాం. ఎప్పుడూ పురికొసే.

డిసెంబరు 5

జబ్బు అత్తగారిదే. లెక్క అలాగే తేలుతోంది. మెట్లెక్కి రోజూ మేడ మీది గదికి పోతోంది. మోకాళ్ళ నొప్పులని నిన్నటిదాకా మెట్ల జోలికి పోని మనిషి. చేతులకి గ్లవుజులు కూడా.

మందుల షాపులో దురద ఆయింట్‌మెంటు తెచ్చి ఆవిడ దిండు కింద పెట్టాను. మనసులో పెట్టుకోకుండా చేసిన పని అది, నిజంగా వేళాకోళం కాదు. సాయంత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ఒళ్ళు బాగానే ఉంది అల్లుడూ, దీన్ని నాలుక మీద రాసుకోవచ్చేమో అడిగి రా, నీకే పనికొస్తుంది అంది.

అయితే మా ఆవిడదా?

మధ్యాహ్నం నుంచి నాకూ మోచేతుల దగ్గర దురద.

డిసెంబరు 9

మేడ మీది గదికి తాళం వేశారు. ఆ గదిలో పాత కుర్చీలు తప్ప ఏమున్నాయని తాళం? తాళంచెవి కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద ఉంది. పక్కకి జరపలేదు. ఉన్న చోటు మాత్రం చూసుకున్నాను.

ఇవాళ మా ఆవిడ భోజనం దగ్గర తనలో తాను నవ్వుకుంది. నాకు ఆకలి పోయింది. జబ్బు మనిషి నవ్వు కాదది. నర్సరీ ఆవిడతో కలిపి వీళ్ళు ముగ్గురూ నా మీద ఏదో పన్నుతున్నారు. ఇన్నేళ్ళు నేను చేసినవన్నీ ఒక్కసారి తిరిగి చేస్తారేమో. చేస్తే న్యాయమే. అందుకే భయం.

డిసెంబరు 14, ఉదయం 10

తల్లీకూతుళ్ళిద్దరూ కూరగాయల విత్తనాలకని నర్సరీకి వెళ్ళారు. తాళం తీశాను.

కిటికీ కింద ఎండ పడేచోట అయిదు చిన్న కుండీలు. ఒక్కోదానికి పెన్సిలంత కాడ, ముళ్ళు. మీద పాలిథిన్ కవరు ముసుగు. లోపల కాడకి మధ్యలో గట్టిగా చుట్టిన టేపు. చూస్తే వేలికి కట్టు కట్టినట్టుంది. లోపల ఏదో దాచారు. చీటీ అనుకున్నాను. నన్ను ఆటపట్టించే చీటీ. విప్పి చదివి, మళ్ళీ చుట్టి, ఏమీ ఎరగనట్టు ఉంటే గెలుపు నాదే కదా.

మొదటిది విప్పాను. చీటీ లేదు. బెరడులో చిన్న కోత, కోతలో ఇరికించిన పచ్చటి బెరడు ముక్క, దాని మీద గింజంత మొగ్గ. కింద ఏమైనా ఉందేమోనని గోరుతో ఎత్తాను. ఊడి చేతిలోకి వచ్చింది. రెండోది కూడా అంతే. మూడోది. నాలుగోదానిలోనైనా ఉంటుందనుకున్నాను.

అయిదోదాని కవరు తీస్తుండగా కింద గేటు చప్పుడు.

డిసెంబరు 14, సాయంత్రం

నేను కిందికి దిగేలోపు మా ఆవిడే పైకి వచ్చింది. కుండీల వైపు చూసింది. నా గోళ్ళ వైపు చూసింది. అరిస్తే బాగుండేది.

కమలా చెట్టు పోతోందట. బతికుండగానే దాని కళ్ళు, అంటే రెమ్మ మీది మొగ్గలు, తీసి నిమ్మ మొక్కలకి అంటు కట్టించిందట. అంటుకుంటే నాన్న చెట్టు మళ్ళీ ఉంటుంది, లేకపోతే ఇంక లేదు అంది. చెట్టు మీద మంచి రెమ్మ ఒక్కటే మిగిలింది, దాంట్లోంచి రెండు విడతల్లో కలిపి అయిదే వచ్చాయి అంది. నెల రోజులు ఎవరూ విప్పకూడదు, చూడకూడదు, ఊరికే ఉండాలి, అదొక్కటే పని, అది మీవల్ల కాదని తెలిసే తాళం వేశాను అంది.

నాకు చెప్పొచ్చు కదా అన్నాను.

చెబితే ఏం చేసేవారో మీరే చెప్పండి అంది.

ఆలోచించాను. టేపుల మీద మీసాలు గీసేవాణ్ణి. పైకి చెప్పలేదు. అంటు అన్న మాట నాకు తట్టలేదని కూడా చెప్పలేదు. మా ఇంట్లో అంట్లు అంటే సింకులో ఉండేవే.

అత్తగారు మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఊడిన నాలుగు ముక్కలూ కొంగులో మూట కట్టుకుని దిగిపోయింది.

డిసెంబరు 17

నర్సరీ ఆవిడ వచ్చి చెట్టు చూసింది. మొదట్లో బెరడు కుళ్ళి బంక కారుతోంది, పైన ఇంక కోయడానికి పనికొచ్చేది లేదు అంది. ఇక్కడ ఎప్పుడూ తడి నిలుస్తోందా అమ్మా, ఎక్కణ్ణుంచి వస్తోంది అని అడిగింది.

నేను ముల్లంగి మడిలో కలుపు తీస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది.

వానలు వదినా, ఈ ఏడు వానలు ఎక్కువయ్యాయి అంది మా ఆవిడ.

ఈ ఏడు వానలు ఎక్కడ పడ్డాయి? పరాయి మనిషి ముందు నన్నెందుకు కాచింది? తరవాత తీరిగ్గా కసి తీర్చుకోవడానికా? రాత్రి భోజనం దగ్గర అడుగుదామనుకున్నాను. అడగలేదు.

డిసెంబరు 18

పైపు పీకేశాను.

డిసెంబరు 23

మిగిలిన ఒక్క కుండీని మేడ మీద ఉంచలేదు. వంటింటి కిటికీలో పెట్టింది, నేను మంచినీళ్ళు తాగే చోట. తాళం లేదు, ఏమీ లేదు. ఇది పరీక్షేనని నాకు తెలుసు. అత్తగారు బఠాణీలు ఒలుస్తూ అక్కడే కూర్చుంటోంది. కాపలానా అని అడిగాను. నీకు కాదు, నాకే, నాకూ విప్పి చూడాలని చేతులు లాగుతున్నాయి అల్లుడూ అంది. పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. పెరట్లో బట్టలు ఆరేస్తూ మా ఆవిడ రెండుసార్లు ఇటు చూసింది. ఆ చూపుకి అర్థం తెలియలేదు.

డిసెంబరు 29

టేపు అంచు కాస్త లేచినట్టుంది. గాలికి లేచిందా, ఎవరైనా లేపారా? నేను కాదు. ఈసారి నేను కాదని ఎవరు నమ్ముతారు?

మా ఆవిడకి నేనే చూపించాను. నేను కాదు అన్నాను. తెలుసు అంది. వంగి దాన్ని బొటనవేలితో అదిమింది.

జనవరి 4

పొద్దున మా ఆవిడ కట్టు విప్పిందట. మొగ్గ పచ్చగా ఉందట, అంటుకున్నట్టే. వచ్చి చూడండి అని వంటింట్లోంచి రెండుసార్లు పిలిచింది. నా పైపు సంగతి నేనింకా ఆవిడతో అననేలేదు.

ఎవరిదో మోటారు ఆగిపోయిందని చెప్పి, సామాన్ల సంచి భుజాన వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి నిలబడ్డాను. ఇవాళ ఎవరి మోటారూ ఆగలేదు.