పెద్దదాని పట్టా

చిన్నదానికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నువ్వు వెళ్ళిన మర్నాడు బీరువా సర్దాను. ఈ ఇంట్లో చెంచా తగ్గినా నాకు తెలుస్తుందని నీకు తెలుసు. అయినా మీ అక్క డిగ్రీ పట్టా తీసుకుని, ఆ కవరులో పాత కాగితాలు మడిచి పెట్టి వెళ్ళావు. ఉత్త కవరు వదిలేసి వెళ్ళినా ఇంత కలత ఉండేది కాదు. ఎత్తుగా కనిపించాలని కాగితాలు కూరావు చూడు, అది నన్ను భయపెట్టింది. దాని గుర్తింపు కార్డు కూడా లేదు. జ్ఞాపకానికి తీసుకున్నావనుకుందామంటే, జ్ఞాపకానికైతే ఎవరైనా ఫోటో తీసుకుంటారు.

మొన్న భోజనాల దగ్గర నువ్వన్న మాటలన్నీ ఇప్పుడు మళ్ళీ వినిపిస్తున్నాయి. "మేనేజరని ఇంకో డిగ్రీ అబ్బాయిని తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టారమ్మమ్మా. మూడోవాడు. ఏ దుప్పటి ఎంత వేడి నీళ్ళలో వెయ్యాలో నేనే నేర్పాలి. నేర్చుకున్నాక నన్నే పిలిచి సంజాయిషీ అడుగుతాడు" అన్నావు.

"మొరటువాడా?" అన్నాను.

"కాదు, మంచివాడు. అదే నా ఖర్మ. తిట్టుకోవడానికి కూడా లేదు" అని నవ్వావు.

నేను నవ్వలేదు. డిగ్రీ లేనివాళ్ళకి మేనేజరు ఉద్యోగం ఇవ్వకపోవడం తప్పు కాదన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ముప్పై ఏళ్ళు బడి నడిపినదాన్ని. పని బాగా వచ్చినవాళ్ళు పెత్తనానికి వచ్చి, "నేను చెప్పినట్టు చెయ్యి" తప్ప మరో మాట తెలియక పదిమందినీ ఏడిపించడం చూశాను. ఎందుకు చెయ్యాలో ఎదుటి మనిషికి విడమరిచి చెప్పడం చదువే నేర్పుతుంది. నువ్వు కంచం పక్కకి తోసి, "పదేళ్ళు ఆస్పత్రి లాండ్రీలో రక్తం మరకలు ఉతికిస్తే రాని తెలివి, మూడేళ్ళు బెంచీ మీద కూర్చుంటే వస్తుందా?" అన్నావు. "కూర్చుని చూసినవాళ్ళు చెప్పాలి ఆ మాట" అన్నాను. అది నీకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. మీ అమ్మ పోయాక ఇద్దరిలో ఒక్కరినే చదివించగలిగాను. పెద్దది కాలేజీకి వెళ్ళింది, నువ్వు పనికి వెళ్ళావు. చివరి ఏడాది దాని చూపు మందగిస్తే, డ్యూటీ దిగి వచ్చి పాఠాలన్నీ నువ్వే చదివి వినిపించావు. అది పాసయింది. ఉద్యోగం వెతుక్కోకముందే పోయింది. ఇదేదీ నేను మరిచిపోలేదు. కానీ సగం చదువు నాదే అని చెప్పి మొత్తం మనిషినే తీసుకోకూడదమ్మా.

ఆ రెండూ వెంటనే పంపు. ఏం చేయబోతున్నావో అది చేయకు.

నీ అమ్మమ్మ

•

చిన్నదానికి,

నీ జవాబు అందింది. పట్టా రాలేదు. వేరే ఊళ్ళో పెద్ద ఆస్పత్రి లాండ్రీకి మేనేజరునయ్యానని రాశావు. "దొంగ పట్టా కాదు కదా అమ్మమ్మా, నిఖార్సయినదే. మనిషి మాత్రమే వేరు" అన్నావు. తమాషాకే రాసి ఉంటావు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఒక సంగతి మాత్రం ఎంత ఆలోచించినా మింగుడు పడడం లేదు. నీ పదేళ్ళ పనీ నీ పేరు మీద ఉంది. అది చూపిస్తే దొరికిపోతావు. అందుకని దరఖాస్తులో అనుభవం అని ఉన్నచోట "లేదు" అని రాశావు. పదేళ్ళు చేశానంటే ఎక్కడా రాని ఉద్యోగం, ఎన్నడూ ఏమీ చెయ్యలేదంటే ఒక్క పూటలో వచ్చింది. చదువు ఉండాలని వాదించిన నేను కూడా దీనికి ఒప్పుకోను. పని తెలియకపోయినా ఫరవాలేదని నేనెప్పుడూ అనలేదు.

నీ పాత నంబరు మోగడం లేదు. కొత్తది నాకు ఇవ్వలేదు. నిన్న ఆస్పత్రికే ఫోను చేసి లాండ్రీకి కలపమన్నాను. ఒకావిడ ఎత్తింది. అలవాటుగా నా నోట నీ పేరే వచ్చింది.

"అలాంటివాళ్ళెవరూ లేరండీ" అంది.

అప్పుడు మీ అక్క పేరు చెప్పాను. అది పోయిన ఏడేళ్ళలో ఆ పేరు పైకి అనలేదు నేను.

"మేడమా? ఇక్కడే ఉన్నారండీ. ఉండండి, పిలుస్తాను" అని, ఆ పేరు పెట్టి గట్టిగా కేక వేసింది. యంత్రాల రొదలోంచి ఎవరో "వస్తున్నా" అన్నారు. నీ గొంతేనని తెలుసు. ఫోను పెట్టేశాను.

ఎంత తొందరగా పలికావే. ఒక్క క్షణం ఆలోచించలేదు. నా భయం అదే. నువ్వుంటున్న హాస్టల్లోనూ అదే పేరు చెప్పానని రాశావు. మరి నిన్ను నీ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరు మిగిలారు? నేనొక్కదాన్నే. నా వయసెంతో నీకు తెలుసు.

ఇంకొకటి. అనుభవం లేదని చెప్పినదానివి, చేతకానట్టు కూడా ఉండాలి. చిన్నప్పటినుంచీ అది నీకు చేతకాదు.

నీ అమ్మమ్మ

•

చిన్నదానికి,

ఈరోజు మధ్యాహ్నం మీ లాండ్రీ సూపర్వైజరు మనింటికి వచ్చింది. అప్పుడు ఫోను ఎత్తింది ఆవిడే, గొంతు గుర్తుపట్టాను. ఈ ఊళ్ళో చుట్టాలున్నారట, మేడమ్ గారి ఇల్లు ఇక్కడేనని తెలిసి చూసిపోదామని వచ్చిందట. నీ వేళ్ళలాగే ఆవిడ వేళ్ళ కొసలు కూడా తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మంచినీళ్ళు తాగి, గ్లాసు నెమ్మదిగా కింద పెట్టింది.

"మీ మనవరాలికి పని ఎవరు నేర్పారండీ?" అంది.

"చదువుకుంది కదా" అన్నాను.

"చదువుకుని వచ్చినవాళ్ళని నలుగురిని చూశానండీ. మాసిన దుప్పట్ల మూట విప్పగానే చెయ్యి పెట్టేస్తారు. ఈవిడ ముందు నేలమీద గుమ్మరించి, దూరంగా నిలబడి చూశారు, సూదులు ఉంటాయేమోనని. ఒకసారి గుచ్చుకున్నవాళ్ళకే ఉంటుందండీ ఆ భయం. మేడమ్‌కి వచ్చిన రోజే ఉంది." ఆవిడ నవ్వింది. "ఈసారైనా ఆ కుర్చీ నాకు ఇస్తారనుకున్నాను. డిగ్రీ లేదన్నారు. పోన్లెండి. పని రాని పిల్ల వచ్చినా సరేననుకునేదాన్ని, నాకు అలవాటే."

తరవాత గోడ మీది ఫోటో చూసింది. "ఇద్దరా? ఒకే పోలిక. రెండో ఆవిడ ఏం చేస్తున్నారు?"

"పోయింది" అన్నాను. అంతవరకు నిజమే.

"ఎవరండీ, పెద్దావిడా?"

"చిన్నది."

అబద్ధం ఆడిన పిల్లలకి చెవి మెలిపెట్టినదాన్ని. నా నాలుక తడబడలేదు. బతికున్న నిన్ను, కూర్చున్న చోటినుంచి లేవకుండానే చంపేశాను. ఆవిడ అయ్యో అని నా చెయ్యి పట్టుకుంది. గట్టెక్కామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పాపం, ఎక్కడైనా పని చేసేవారా?" అంది. ఆస్పత్రి లాండ్రీలో అన్నాను. ఏ ఊళ్ళో అంటే అదీ చెప్పాను. అడిగినదానికి వివరం తప్పకుండా చెప్పే రోగం నాది. చెప్పాక గాని తెలిసి రాలేదు.

"అక్కడ మా తోడికోడలు పని చేస్తోందండీ. కబురు చెప్తాను. కలిసి పని చేసినవాళ్ళు బాధపడతారు కదా" అంది. చెప్పులు వేసుకుంటూ నా ముఖంలోకి చూసింది. నా మాట నమ్మి వెళ్ళిందో, నా నోటితో ఆ మాట అనిపించడానికే వచ్చిందో నాకు తెలియదు.

ఇవాళో రేపో నీ చావు కబురు నీ పాత లాండ్రీకి చేరుతుంది. మొన్ననే నవ్వుతూ సెలవు తీసుకుని వెళ్ళింది కదా, ఎలా పోయింది అని అడుగుతారు. కొందరు ఏడుస్తారు. ఒకరు కాకపోతే ఒకరు, పోయిందెవరో ఆ కుర్చీలో ఉన్నదెవరో లెక్క కట్టుకుంటారు. నీకు ఫోను చేద్దామంటే ఎత్తేది ఆవిడే.

అందుకని విను. ఆ కబురు తిరిగి మీ ఆఫీసుకి వచ్చేలోపు నువ్వే వెళ్ళి నిజం చెప్పాలి. ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెట్టవచ్చు. పెడితే నీ పక్కన నేనూ కూర్చుంటాను. ఇప్పుడు ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది. చదువు పెద్దదా, పని పెద్దదా అని మనిద్దరం ఇంకా పోట్లాడుకోవాలి. దానికి ముందు నువ్వు బతికి ఉండాలి.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. నువ్వు చచ్చిపోయావని చెప్పానని నీ ఎదుట నిలబడి అనలేను కాబట్టి రాశాను. తెల్లవారి మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను. లాండ్రీ గుమ్మంలో నిలబడి నీ పేరు పెట్టి పిలుస్తాను. ఆవిడ వింటుంది, మిగతావాళ్ళూ వింటారు. ఎవరో ముసలావిడ, తప్పు చిరునామాకి వచ్చిందంటారు. నేను మళ్ళీ పిలుస్తాను.

పలికితే ఇది నీ చేతికిస్తాను. పలకకపోతే నేను ఆవిడతో అన్నదే నిజమవుతుంది.

నీ అమ్మమ్మ